సిర్గాపూర్‌ను ఏ కంటితో చూద్దాం?

చెరువు గట్టున పిట్ట, తాండాలో అవ్వ, కందిచేలో పురుగు... మూడూ ఒక్క రోజులో కనిపించే ఊరది. ఆ మూడింటికీ మూడు లెన్సులు కావాలంటాడు దుకాణదారు. డబ్బులు కట్టేముందు ఒకసారి సిర్గాపూర్ దాకా వెళ్లొద్దాం రండి!

పేరుమోసిన గుడినో జలపాతాన్నో చూద్దామని సిర్గాపూర్‌కు ఎవరూ బస్సు కట్టుకుని రారు. సంగారెడ్డి జిల్లాకు ఓ కొసన, నారాయణఖేడ్‌కు అవతల, నల్లరేగడి చేల మధ్య ఉండే ఊరు. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర ఎంతో దూరంలో ఉండవు. సంతలో చెవి ఒగ్గి వింటే తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు కలిసి వినిపిస్తాయి. అలాంటి ఊరికి కెమెరా పట్టుకుని వెళ్లడమెందుకు అంటారా? ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లను వేధించే పెద్ద ప్రశ్నకు ఇక్కడ తేలిగ్గా జవాబు దొరుకుతుంది కాబట్టి.

ఆ ప్రశ్న చాలా ఇళ్లలో వినపడుతూనే ఉంది. ఇంజినీరింగ్ చదివే అబ్బాయో, ఉద్యోగంలో చేరిన అమ్మాయో కెమెరా కొంటారు. దాంతోపాటు వచ్చిన చిన్న లెన్సుతో ఆర్నెల్లు గడుస్తాయి. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కథ. జంతువులకొకటి, మనుషులకొకటి, పురుగులకొకటి లెన్సు కావాలంటారు. ఇంట్లోవాళ్లు ధరలు విని గుండెలమీద చెయ్యి వేసుకుంటారు. ‘కెమెరా కన్నా దాని ముందు పెట్టే గాజుముక్కకు అంత ధరా?’ అన్నది నాన్నగారి సందేహం. న్యాయమైన సందేహమే!

దీనికి సమాధానం లెన్సుల పట్టికల్లో కన్నా నేలమీద బాగా తెలుస్తుంది. ఎందుకంటే లెన్సు ఎంపిక అంటే నిజానికి దూరం ఎంపిక. ఎదుటి ప్రాణికి మనం ఎంత దూరంలో నిలబడగలం, ఎంత దూరంలో నిలబడాలి అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలితే ఏ లెన్సు కావాలో దానంతటదే తేలుతుంది. సిర్గాపూర్‌లో ఆ దూరాలు మూడు.

ఖేడ్ దాటి...

హైదరాబాద్ నుంచి సంగారెడ్డి వెళ్లి, అక్కణ్నుంచి నాందేడ్ వైపు సాగే 161వ నంబరు జాతీయ రహదారి పట్టుకోవాలి. జోగిపేట, పెద్దశంకరంపేట దాటాక దారి నారాయణఖేడ్ వైపు చీలుతుంది. స్థానికులు దాన్ని పొట్టిగా ‘ఖేడ్’ అంటారు. సొంత వాహనమైతే హైదరాబాద్ నుంచి ఖేడ్‌కు సుమారు మూడు గంటల ప్రయాణం. సిర్గాపూర్ అక్కణ్నుంచి ఇంకొంచెం ముందుకు.

నిజాం రాజ్యంలో నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి వెళితే, ఈ తాలూకా మెదక్ జిల్లాలో కలిసింది. చాలాకాలం కల్హేర్ మండలంలో ఉన్న సిర్గాపూర్, 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తానే ఒక మండల కేంద్రమైంది. ఈ మండలంలోనే, సుల్తానాబాద్ దగ్గర, నల్లవాగుపై కట్టిన మధ్యతరహా సాగునీటి ప్రాజెక్టు ఉంది. చుట్టూ కంది, జొన్న, పత్తి, సోయా పండే చేలు. చేల మధ్య తాండాలు. నీళ్లు, మనుషులు, మట్టి... ఇక కెమెరా బయటికి తీయొచ్చు.

మొదటి దూరం: ఇరవై మీటర్లు

సూర్యుడు రాకముందే నల్లవాగు నీళ్ల దగ్గరికి చేరుకోవాలి. దక్కన్‌లో ఇలాంటి జలాశయాల దగ్గర నిలబడితే కొంగలు, నీటికాకులు, నారాయణపక్షులు, లకుముకి పిట్టలు కనబడకుండా పోవు. చలికాలమైతే ఉత్తరాది నుంచి వలసొచ్చే బాతులు కూడా కలుస్తాయి. గట్టు మీద కరెంటు తీగపై పాలపిట్ట కూర్చుందంటే మీ అదృష్టం. తెలంగాణ రాష్ట్ర పక్షి అదే కదా!

అయితే కెమెరాతో వచ్చిన చిన్న లెన్సు పెట్టి పాలపిట్టను తీసి చూడండి. తీగ మీద ఒక చుక్క కనిపిస్తుంది. అది పిట్టో, తీగకు చిక్కిన గాలిపటం ముక్కో చెప్పడం కష్టం. ఇక్కడ కాస్త లెక్క అవసరం. చాలామంది కొనే మధ్యస్థాయి కెమెరాల్లో బొమ్మ పడే సెన్సరు వెడల్పు దాదాపు 24 మిల్లీమీటర్లు. దీన్నే ఏపీఎస్-సీ అంటారు. మనం నిలబడిన దూరాన్ని 24తో గుణించి, లెన్సు మీద రాసి ఉండే మిల్లీమీటర్ల అంకెతో భాగిస్తే ఫొటోలో ఎంత మేర పడుతుందో వచ్చేస్తుంది. 400 ఎం.ఎం. లెన్సుతో ఇరవై మీటర్ల దూరం నుంచి తీస్తే ఫొటోలో పట్టేది 1.2 మీటర్ల వెడల్పు. పెద్ద కొంగకు అది చక్కగా సరిపోతుంది. పదహారు, పదిహేడు సెంటీమీటర్లుండే చిన్న లకుముకి పిట్ట మాత్రం ఫొటో వెడల్పులో ఏడో వంతే ఆక్రమిస్తుంది. అది సగం ఫొటోలోనైనా నిండాలంటే అదే లెన్సుతో ఐదారు మీటర్ల దగ్గరికి వెళ్లాలి.

అంటే 400 ఉంది కదా అని పిట్ట దానంతటది ఒళ్లో వచ్చి వాలదు. దూరాన్ని సగం చేయడమూ, లెన్సు అంకెను రెట్టింపు చేయడమూ ఒకటే. 200తో పది మీటర్లలో కూర్చున్నవాడికీ, 400తో ఇరవై మీటర్లలో నిలబడ్డవాడికీ పిట్ట ఒకే సైజులో పడుతుంది. మొదటివాడు ఖర్చుపెట్టింది ఓపిక. రెండోవాడు ఖర్చుపెట్టింది డబ్బు!

ఆ డబ్బు ఎందుకంత అవుతుందో కూడా తెలుసుకుందాం. లెన్సు మీద ఎఫ్ అనే అక్షరం పక్కన ఇంకో అంకె ఉంటుంది. మిల్లీమీటర్ల అంకెను దాంతో భాగిస్తే వెలుతురు వచ్చే ద్వారం వెడల్పు వస్తుంది. 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సుకు 28 మిల్లీమీటర్ల ద్వారం చాలు. 600 ఎం.ఎం. ఎఫ్/4 లెన్సుకు 150 మిల్లీమీటర్లు కావాలి. అంటే ముందున్న గాజు చిన్న పళ్లెమంత ఉండాలన్నమాట. అంత పెద్ద గాజును వంక లేకుండా నున్నగా చేయడానికయ్యే ఖర్చే ఆ ధర. అవి లక్షల్లో పలుకుతాయి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 70-300, 100-400, 150-600 లాంటి జూమ్‌ల దగ్గరే ఆగుతారు. వీటి ద్వారం చిన్నది. చివరి అంకె దగ్గర సాధారణంగా ఎఫ్/5.6, ఎఫ్/6.3 మాత్రమే ఉంటుంది. ఎఫ్/2.8తో పోలిస్తే ఎఫ్/5.6లో లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతు. మబ్బు పట్టిన ఉదయాన ఆ తేడా తెలిసొస్తుంది.

ఎగిరే పిట్ట రెక్క కదలిక లేకుండా పడాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతు, రెండువేలో వంతు మాత్రమే తెరుచుకోవాలి. లెన్సులో ఉండే స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపుతుంది తప్ప పిట్ట రెక్కను ఆపదు. కొనేటప్పుడు ఈ మాట గుర్తుంచుకుంటే సగం మోసం తప్పుతుంది. ఇంకో సంగతి... 150-600 తరహా లెన్సు బరువు సుమారు రెండు కిలోలు. దుకాణంలో రెండు నిమిషాలు పట్టుకుంటే బాగానే ఉంటుంది. గట్టు మీద రెండు గంటలు మోస్తే కానీ అసలు సంగతి తెలియదు. ఎండ ముదిరాక నల్లరేగడి నుంచి లేచే వేడి ఆవిరిలో దూరపు బొమ్మ నీళ్లలోలా ఊగుతుంది. దానికి ఏ లెన్సూ మందు కాదు. ఉదయం తొమ్మిదికల్లా సంచి సర్దేయడమే మందు.

ఈ నేల మీద పక్షుల వెంట తిరిగినవాళ్లు పూర్వమూ ఉన్నారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాద్ రాజ్యంలోని పక్షుల సర్వే చేశారు. అప్పట్లో పక్షిని శాస్త్రీయంగా గుర్తించాలంటే తుపాకీతో కొట్టి నమూనాగా భద్రపరచడమే పద్ధతి. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం లెన్సు చేస్తోంది. ప్రాణం తీయకుండా దూరాన్ని దాటించడమే పొడుగు లెన్సు చేసిన గొప్ప మేలు.

దూరాన్ని జయించడానికి పొడుగు లెన్సే అక్కర్లేదని నిరూపించినవారూ ఉన్నారు. 1920ల్లో ఎఫ్.డబ్ల్యు.ఛాంపియన్ అనే అటవీ అధికారి శివాలిక్ అడవుల్లో పులులు నడిచే దారుల్లో సన్నటి తీగ కట్టి, అది తగలగానే కెమెరా దానంతటదే మీట నొక్కుకునేలా ఏర్పాటు చేశారు. పులి తన ఫొటో తానే తీసుకుందన్నమాట! నేడు మన అభయారణ్యాల్లో పులుల లెక్కకు వాడే కెమెరా ట్రాప్‌లు ఆ ఆలోచనకు వారసులే. కెమెరా దగ్గరుంటుంది, మనిషి దూరంగా ఉంటాడు. జంతువుకు కావలసింది కూడా అదే కదా.

దూరం చాలడం లేదని చెప్పే గంట ఒకటి చెరువు గట్టునే ఉంది. దాని పేరు తీతువు. గూడు కట్టదు. రాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. అవి అచ్చం గులకరాళ్లలాగే ఉంటాయి. మనం దగ్గరికి వెళ్లామంటే పైకి లేచి చెవులు దిమ్మెత్తేలా అరుస్తుంది. అది పోజు కాదు, బతిమాలడం. అది అక్కడ అరుస్తున్నంతసేపూ ఇక్కడ గుడ్లు ఎండలో మాడతాయి. కాకులు, కుక్కలు కాచుకుని ఉంటాయి. తీతువు అరిచిందంటే లెన్సు ఎంత పొడుగుదైనా సరే, మీరు హద్దు దాటారని అర్థం. వెనక్కి రావాలి. గూళ్ల దగ్గర తీసిన ఫొటోలను అనేక పోటీలు స్వీకరించనిది ఇందుకే.

దసరాకు పాలపిట్టను చూస్తే శుభమంటాం. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకుని కొందరు పిట్టలను పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించడం మన దగ్గర జరుగుతున్నదే. దగ్గర నుంచి చూసిన పిట్ట శుభమవుతుందా, తీగ మీద స్వేచ్ఛగా కూర్చున్న పిట్ట శుభమవుతుందా? మూడొందల మిల్లీమీటర్ల లెన్సు ఒకటి ఇంట్లో ఉంటే పిల్లలకు రెండోదాన్ని చూపించొచ్చు.

రెండో దూరం: రెండు మీటర్లు

ఎండెక్కాక గట్టు దిగి తాండా వైపు నడుద్దాం. నారాయణఖేడ్ చుట్టుపక్కల లంబాడీ తాండాలు ఎక్కువ. చెరకు కోతల కాలంలో ఎన్నో కుటుంబాలు పనికోసం వలసపోతాయి. అప్పుడు ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, చిన్నపిల్లలే ఎక్కువగా కనబడతారు. సంప్రదాయ దుస్తులు వేసుకునే అవ్వలు తగ్గిపోతున్నారు. అద్దాలు కుట్టిన రవికె, చేతినిండా గాజులు, ముఖం నిండా ముడతలతో ఒక్కరు కనబడినా ఫొటోగ్రాఫర్ల చేతులు ఊరుకోవు.

ఇక్కడే చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. పొద్దున పిట్టకు వాడిన పొడుగు లెన్సును అలాగే ఉంచి, అవ్వకు తెలియకుండా దూరం నుంచి తీయడం ఒకటి. చిన్న లెన్సో ఫోనో పట్టుకుని ముఖం మీదికి వెళ్లడం రెండోది.

రెండో పొరపాటు ఫొటోలోనే కనిపిస్తుంది. మన ముక్కు కొస నుంచి చెవి దాకా సుమారు పది, పన్నెండు సెంటీమీటర్లు. కెమెరా ముక్కుకు నలభై సెంటీమీటర్ల దగ్గరుంటే చెవులు యాభై సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉంటాయి. అంటే ముక్కు పాతికశాతం పెద్దదై, చెవులు వెనక్కి పోయి, ముఖం బూరెలా ఉబ్బుతుంది. అదే రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ తేడా ఐదారు శాతమే. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు చూసే ముఖం అదే. ముఖాన్ని వంకర చేసేది లెన్సు కాదు, దూరం. రెండు మీటర్ల దూరం నుంచి తల, భుజాలు చక్కగా నిండేలా చూసేదే పోర్ట్రెయిట్ లెన్సు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 ఎం.ఎం., ఏపీఎస్-సీ కెమెరాకు 50 ఎం.ఎం. ఈ పనికి పేరుపడ్డాయి. 50 ఎం.ఎం. ఎఫ్/1.8 అయితే చాలా కంపెనీల్లో చవకైన లెన్సుల్లో ఒకటి కూడా.

ఎఫ్/1.8 అనగానే వెనకున్నదంతా మెత్తగా కరిగిపోతుందని సంబరపడతాం. నిజమే కానీ, మీటరు దూరంలో 50తో తీస్తే స్పష్టంగా కనపడే మందం మూడు సెంటీమీటర్లే. అవ్వ కాస్త తల తిప్పిందంటే ఒక కన్ను స్పష్టంగా, ఇంకో కన్ను మసగ్గా పడుతుంది. రెండు మీటర్లకు జరిగితే ఆ మందం పదకొండు సెంటీమీటర్లవుతుంది. ఎఫ్/2.8కో, 4కో తగ్గించుకుంటే ఇంకా మంచిది. అయినా వెనకున్నదంతా చెరిపేయడం ఎందుకు? ఆ అలికిన గోడ, ఆ కుండ, ఆ గుమ్మం లేకపోతే ఆమె సిర్గాపూర్ అవ్వ అని ఎలా తెలుస్తుంది? ఇల్లు కూడా ముఖంలో భాగమే అనుకున్నప్పుడు 35 ఎం.ఎం. పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరగడమే మేలు. రవికె మీది అద్దాలు ఎండలో కళ్లు చెదిరేలా మెరుస్తాయి. అందుకే వేపచెట్టు నీడలోనో, గుమ్మం లోపలో కూర్చోమనాలి.

మొదటి పొరపాటు, అంటే చాటుగా తీయడం, ఫొటోలో కనిపించదు. కాబట్టి మరీ ప్రమాదం. పిట్టను అనుమతి అడగలేం కనుక దూరంగా ఉంటాం. మనిషిని అడగగలం. అడగకుండా దూరం నుంచి తీశామంటే ఆమెను పిట్టల లెక్కలో వేసినట్టే కదా! రెండు మీటర్లు అంటే మాట వినపడే దూరం. పోర్ట్రెయిట్ లెన్సు గొప్పతనం ఆ ఒక్క విషయంలోనే ఉంది. అది మాట్లాడక తప్పని చోట మనల్ని నిలబెడుతుంది.

ఈ సంగతి హైదరాబాద్‌కు కొత్త కాదు. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్స్‌వాల్ అనే గణితజ్ఞుడు లెక్కలు కట్టి మొదటి పోర్ట్రెయిట్ లెన్సును రూపొందించాక, నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసిన బాధ తగ్గి, ముఖచిత్రాలు తీయించుకోవడం ప్రపంచమంతా వేడుకైంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు మనకు తెలిసిందే. నవాబుల ఫొటోలు తీయడంలో ఆయనకు సాటిలేదు. కానీ పరదా పాటించే ఇంతుల సంగతేమిటి? వాళ్ల ఎదుట పురుషుడు నిలబడకూడదు. దానికి ఆయన వెతికిన ఉపాయం కొత్త లెన్సు కాదు. 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసమే జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యతను కెన్నీ-లెవిక్ అనే మహిళకు అప్పగించారు. కెమెరా వెనక ఎవరు, ఎంత దగ్గరగా నిలబడొచ్చు అన్నది ఎదుటి మనిషి తేల్చాలని నూటముప్పై ఏళ్ల కిందటే గుర్తించారన్నమాట.

ఫొటో అనగానే ఈ పల్లెల్లో పెద్దవాళ్లు నవ్వుతూ అనే మాట ఒకటుంది... ‘మంచిగ దియ్యి బిడ్డా, రేపు గోడకు వెట్టేది గిదే గద!’ వినేవాళ్లకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియదు. చాలా ఇళ్లలో గోడ మీద దండ వేసిన బొమ్మను దగ్గరగా చూడండి. ఆధార్ కార్డు నుంచో, ఎవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటో నుంచో కత్తిరించి పెద్దది చేసిన మసక బొమ్మ అది. ఒక జీవితమంతా బతికిన మనిషికి మిగిలింది ఆ మసకే. కాబట్టి తాండాలో తీసిన ఫొటో పోటీలో బహుమతి తేకపోయినా పరవాలేదు, అచ్చు వేయించి ఆ ఇంటికి చేర్చడం ముఖ్యం. పోస్టులో పంపినా సరే. రూపాయల్లో చూస్తే లెన్సు ధర ముందు అది చాలా చిన్న మొత్తం.

మూడో దూరం: జానెడు

ఇక మూడోది వానాకాలపు ముచ్చట. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. తొలకరి పడ్డ రేగడి మీద ఎర్రటి మఖమల్ గుడ్డతో కుట్టినట్టుండే ఆరుద్ర పురుగులు పాకుతుంటాయి. వానలు కుదురుకున్నాయనడానికి రైతుకు అదొక గుర్తు. పేరుకు పురుగే కానీ కీటకం కాదు. పెద్దయ్యాక ఎనిమిది కాళ్లుంటాయి. సాలెపురుగుకు చుట్టమన్నమాట. సైజు సెంటీమీటరుకు అటూ ఇటూ.

దీన్ని తీయడానికి దగ్గరికి వెళ్తే మామూలు లెన్సులు మొరాయిస్తాయి. ప్రతి లెన్సుకూ ఇంతకన్నా దగ్గరికొస్తే చూడలేననే హద్దు ఒకటుంటుంది. మాక్రో లెన్సు ప్రత్యేకత ఆ హద్దును చెరిపేయడమే. అసలైన మాక్రో లెన్సు పురుగును ‘ఒకటికి ఒకటి’ కొలతలో చూపుతుంది. అంటే సెంటీమీటరు పురుగు సెన్సరు మీద కూడా సెంటీమీటరే పడుతుంది. ఇరవై నాలుగు మిల్లీమీటర్ల సెన్సరులో అది దాదాపు సగం. ఇక ఆ ఫొటోను గోడంత చేసుకున్నా ఆ మఖమల్ నూగు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

60 ఎం.ఎం., 90 లేదా 100 ఎం.ఎం., 150 నుంచి 180 ఎం.ఎం... మాక్రోలో ఈ మూడు వర్గాలున్నాయి. మూడూ పురుగును ఒకే సైజులో చూపుతాయి. తేడా అంతా దూరంలోనే. ఒకటికి ఒకటి దగ్గర 60 ఎం.ఎం. లెన్సు మూతికీ పురుగుకీ మధ్య నాలుగు వేళ్ల ఎడమే మిగులుతుంది. లెన్సు నీడ పురుగు మీదే పడుతుంది. గొల్లభామ అయితే ఎగిరిపోతుంది కూడా. 100 ఎం.ఎం.తో అది జానెడుకు కొంచెం తక్కువ. పువ్వులకు 60 చాలు. ప్రాణమున్నవాటికి 90, 100 మంచిది. తేనెటీగలు, తూనీగల వంటివాటికి ఇంకా పొడుగుది ఉంటే హాయి.

అంత దగ్గరలో స్పష్టత మందం మరీ తక్కువ. ఎఫ్/11 పెట్టినా మిల్లీమీటరు లోపే. ఊపిరి పీలిస్తే చాలు, పురుగు కన్ను మసకబారి కాలు స్పష్టమవుతుంది. పోనీ ఎఫ్/22 పెడదామంటే ద్వారం మరీ సన్నమై బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. పైగా ఒకటికి ఒకటి దగ్గర సెన్సరుకు చేరే వెలుతురు మామూలులో నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే చిన్న ఫ్లాష్, దాని ముందు తెల్ల కాగితం ముక్క మాక్రోవాళ్ల సంచిలో తప్పక ఉంటాయి. గాలికి జొన్న ఆకు ఊగితే ఇవేవీ పనిచేయవు. తెల్లవారుజామున, మంచు ఆరకముందు, గాలి లేచేలోపే పని ముగించాలి. అప్పుడు కీటకాలు చలికి ముడుచుకుని కదలకుండా ఉంటాయి. కదలకుండా ఉండాలని పురుగును డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో చల్లబరిచే ‘నిపుణులు’ కూడా ఉన్నారు. తీతువును అరిపించడానికీ దానికీ తేడా లేదు.

మాక్రో ఖరీదు చూసి భయపడేవారికో శుభవార్త. అవ్వను తీసిన 50 ఎం.ఎం. లెన్సుకూ కెమెరాకూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబు అనే ఖాళీ గొట్టం బిగిస్తే చాలు, అది పురుగుల లెన్సయిపోతుంది. గొట్టంలో గాజు ఉండదు కాబట్టి ధరా తక్కువే. యాభై మిల్లీమీటర్ల గొట్టం పెడితే ఒకటికి ఒకటి, పాతిక పెడితే అందులో సగం. పురుగు దగ్గరికి మరీ ఎక్కువగా వెళ్లాల్సి వస్తుందన్నదొక్కటే ఇబ్బంది.

మాక్రో అంటే అందం ఒక్కటే అనుకుంటే సిర్గాపూర్ కందిచేలు ఒప్పుకోవు. కంది పూతకు వచ్చినప్పుడు రైతు గుండెల్లో రాయి శనగపచ్చ పురుగు. దాని గుడ్డు అర మిల్లీమీటరు. మామూలు కంటికి మొగ్గ మీద నలుసులా ఉంటుంది. పురుగు కాయలోకి దూరాక తెలిస్తే ఆలస్యమైపోయినట్టే. ఒకటికి ఒకటి తీసిన ఫొటోలో ఆ గుడ్డు సెన్సరు వెడల్పులో నలభై ఎనిమిదో వంతు ఉంటుంది. కంప్యూటరులో పెంచితే గుర్తుపట్టడానికి అది చాలు. ఇది ఊహ కాదు. 2004లో హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ ‘ఈ-సాగు’ పేరుతో వరంగల్ జిల్లా ఊరుగొండ ప్రాంతంలోని పత్తి రైతుల పొలాలను డిజిటల్ కెమెరాలతో తీయించి, ఆ ఫొటోలను వ్యవసాయ నిపుణులకు చూపి, సలహాలను తిరిగి రైతుకు చేర్చింది. ఇప్పుడు ఆ పని ఫోనులోనే అవుతోంది. అయినా ఫోను పట్టలేని గుడ్డును పట్టే లెన్సు ఊళ్లో ఒక్కరి దగ్గరున్నా మేలే. సెలవులకు ఇంటికొచ్చిన అబ్బాయి ఓ ఉదయం నాన్నతో కలిసి చేను చుట్టి వస్తే, లెన్సు ధర గురించి ఆ ఇంట్లో మళ్లీ చర్చ రాకపోవచ్చు!

మరి ముందు ఏది కొనాలి?

మూడు దూరాలూ చూశాం కాబట్టి వరస తేలిగ్గా తేలుతుంది. మొదట 50 ఎం.ఎం. ఎఫ్/1.8. చవక, తేలిక, ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ రోజూ పనికొచ్చేది. దానికి తోడు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. ఈ రెండింటితో మనుషులు, పురుగులు అయిపోతాయి. ఓ వానాకాలం గడిచాక కూడా పురుగుల వెంటే తిరుగుతున్నారంటే అప్పుడు 90 లేదా 100 మాక్రో కొనుక్కోవచ్చు. అది పోర్ట్రెయిట్లకూ బాగుంటుంది. పొడుగు జూమ్ అన్నిటికన్నా చివర. ముందు 70-300 చాలు. హైదరాబాద్‌లో లెన్సులు రోజు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. 150-600ను రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని గట్టు మీద మోసి చూశాకే లక్ష రూపాయల మాట ఎత్తాలి.

పాత లెన్సు కొనేవాళ్లు దాని వెనక టార్చి వేసి ముందు నుంచి చూడాలి. లోపల సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది బూజు. మన వానాకాలపు తేమలో అది పెరిగేదే కానీ తగ్గేది కాదు. కొన్నాక కూడా లెన్సును తోలు సంచిలో మగ్గబెట్టకుండా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. పాత మౌంటు లెన్సు మీ కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకు నేరుగా సరిపోతుందా, అడాప్టరు కావాలా అన్నది డబ్బు ఇచ్చేముందే అడగాలి.

వెళ్లేదెప్పుడంటే...

పక్షులకైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పురుగులకు ఆరుద్ర కార్తె నుంచి మొదలుపెట్టి వానాకాలమంతా. మనుషులకు కాలంతో పనిలేదు కానీ, కోతల రోజుల్లో పని ఆపి పోజు ఇమ్మనకూడదు. బసకూ భోజనానికీ నారాయణఖేడ్‌ను నమ్ముకోవడం మంచిది. ఇంకో రోజు చేతిలో ఉంటే ఓ పక్క మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్, మరో పక్క కోటకూ కృష్ణజింకలకూ పేరుపడ్డ బీదర్ ఉన్నాయి. తిరుగు దారిలో సంగారెడ్డి దగ్గర మొసళ్లకు నెలవైన మంజీర అభయారణ్యం తగులుతుంది. అభయారణ్యాల్లో ఫొటోలకు అటవీశాఖ అనుమతి ఉండాలని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. నల్లవాగు దగ్గరా ప్రాజెక్టు సిబ్బందిని ఒక మాట అడిగి వెళ్లడం మర్యాద.

ఇరవై మీటర్లు, రెండు మీటర్లు, జానెడు. సంచిలో ఏ లెన్సున్నా ఈ మూడు దూరాలూ కాళ్లకు తెలిసుండాలి. పిట్ట బెదరకపోతే, అవ్వ నవ్వితే, పురుగు తన దారిన తాను పాకుతూ పోతే మీరు సరైన చోటే నిలబడ్డారని గుర్తు. ఇక మీట నొక్కండి!